హాఫ్ జైపాల్ ఫుల్ మారథాన్

"జగిత్యాల నడిస్తే దేశం నడుస్తుంది! జగిత్యాల ఉరికితే ప్రపంచమే ఉరుకుతుంది!"

ఈ మహావాక్యాన్ని లోకానికి అందించింది జగిత్యాల ప్రభాత నడక సంఘం. దాన్ని అచ్చువేసి కరెంటు స్తంభాలకు కట్టించింది జైపాల్. ఆ అక్షరాల కింద రెండు చేతులూ జోడించి నవ్వుతున్నది సంఘం అధ్యక్షుడు రాజలింగం సార్. సార్ ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి పదవీ విరమణ పొందారు గాని, ఆఫీసు మాత్రం ఆయన నోట్లోంచి విరమించలేదు. చాయ్ తాగుదామా అనడానికి కూడా "తేనీటి విషయమై సభ్యుల అభిప్రాయం కోరడమైనది" అంటారు. సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదిస్తారు.

నియమావళి ప్రకారం సభ్యులు రోజూ పొద్దున్నే మైదానం చుట్టూ నడవాలి. నడుస్తారు కూడా. ఒక్క చుట్టు! ఆ తర్వాత సిమెంటు బల్లల మీద కూర్చుని దేశ ప్రజల ఆరోగ్యం గురించి తీవ్రంగా ఆందోళన చెందుతారు. ఆందోళన ఎక్కువైన రోజు వడలు కూడా తెప్పించుకుంటారు.

జైపాల్‌ది బస్టాండు దగ్గర ఫ్లెక్సీల షాపు. జగిత్యాలలో ఎవరైనా గొప్పవాళ్లు కావాలంటే ముందు అతని షాపు మెట్లెక్కాలి. వార్డు ఎన్నికల్లో డిపాజిట్ పోయినవాడు అక్కడ 'ప్రజల గుండెచప్పుడు' అయ్యాడు. పదో తరగతి గట్టెక్కనివాడు 'విద్యావేత్త' అయ్యాడు. జైపాల్ ఎవరినీ ఏమీ అడగడు. ఫ్లెక్సీ మీద నిజమూ అబద్ధమూ ఉండవు, చిన్న అక్షరాలూ పెద్ద అక్షరాలూ మాత్రమే ఉంటాయని అతని సిద్ధాంతం.

ఇందరికి బిరుదులు అచ్చువేసిన మనిషికి ఊరు కూడా ఒక బిరుదు ఇచ్చుకుంది. హాఫ్ జైపాల్!

ఊరికే ఇవ్వలేదు. డిగ్రీ మూడేళ్లదైతే ఏడాదిన్నరకు ఆపాడు. దుబాయికి రెండేళ్ల వీసా మీద వెళ్లి ఏడాదికే తిరిగొచ్చాడు. మండల దీక్ష అని మాల వేసుకుని అర్ధమండలంలో తీసేశాడు. మేడ మీద గది పిల్లర్ల దాకా లేచి, ఇనుప చువ్వలతో ఆకాశాన్ని చూస్తూ ఆగిపోయింది. ప్రహరీ గోడ రెండు దిక్కుల ఉంది, మిగతా రెండు దిక్కుల నుంచి మేకలు వచ్చిపోతుంటాయి. కోరుట్లలో ఉండే బామ్మర్ది రాజేశ్ ఫోన్ ఎత్తగానే "హాఫ్ బావా, మంచిగున్నవా?" అంటాడు.

ఇవన్నీ జైపాల్ నవ్వుతూనే భరించాడు. నిజానికి తన మీద తనే జోకులు వేసుకుని, ఊరికి ఆ కష్టం తప్పించేవాడు. కానీ ఒకరోజు ఎవరో వాకిట్లో నిలబడి "జైపాల్ ఉన్నడా?" అని అడిగితే, లోపలి నుంచి భార్య రాధిక "ఎవలు, హాఫాయననా? షాపుకు పోయిండు" అంది. వెక్కిరించాలని అనలేదు. అలవాటుగా అంది. ఆ అలవాటే, లోపల మంచం మీద పడుకుని ఉన్న జైపాల్‌కు గుచ్చుకుంది. (ఆ రోజు షాపుకు బయల్దేరి సగం దారిలోంచి వెనక్కి వచ్చేశాడు, పాపం ఆమెకు తెలియదు.) ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. సగమే తిన్నాడు.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక ఆదివారం, సారంగాపూర్ దిక్కు ఒక మామిడితోటలో సంఘం వారి వార్షిక సర్వసభ్య సమావేశం జరిగింది. అనగా దావత్. మటన్ వండే బాధ్యత జైపాల్‌ది. సీసాల బాధ్యత మైసయ్య అనే సభ్యుడిది. కుర్చీలు, షామియానా కార్యదర్శి హబీబుద్దీన్‌వి. అతనిది టెంట్ హౌస్. మందు ముట్టడు గాని, ముట్టేవాళ్లకు నీడ మాత్రం కల్పిస్తాడు.

ఆ రోజు సిరిసిల్ల నుంచి నవీద్ అనే యువకుడు కూడా వచ్చాడు. మాఘమాసంలో సిరిసిల్లలో మారథాన్ పెడుతున్నారట, సంఘం సభ్యుల పేర్లు రాయించుకోవడానికి వచ్చాడు. ఫోన్ చేతిలో పట్టుకుని ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. అదే సమయానికి మైసయ్య కూడా గ్లాసులు పట్టుకుని ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. ఇద్దరూ అడిగేది ఒకటే మాట!

జైపాల్ పొయ్యి దగ్గర పొగలో కళ్లు మూసుకుని గరిటె తిప్పుతున్నాడు. వెనక నుంచి వినపడింది.

"జైపాలన్నా, నీకు హాఫా? ఫుల్లా?"

"హాఫ్ ఏందే? ఇయ్యాల ఫుల్లే! ఎవడేమంటడో చూస్త!"

చప్పట్లు! జైపాల్ ఆశ్చర్యపోయాడు. ఇన్నేళ్లుగా తాగుతున్నాడు, సీసాకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కళ్లు తుడుచుకుని చూస్తే ఎదురుగా నవీద్, ఫోన్‌లో ఏదో నొక్కుతూ నవ్వుతున్నాడు. రాజలింగం సార్ అప్పటికే లేచి గొంతు సవరించుకున్నారు.

"సభ్యులందరికి తెలియజేయునది ఏమనగా, మన జైపాల్ ఫుల్ మారథాన్ ఉరుకుటకు సంసిద్ధత వ్యక్తం చేసినరు! ఇది సంఘ చరిత్రల సువర్ణాక్షరాలతోని లిఖించదగ్గ ఘట్టం!"

"సార్, సార్... ఫుల్ మారథాన్ అంటే ఎంత?" అన్నాడు జైపాల్, గరిటె చేతిలోనే పట్టుకుని.

"నలబై రెండు కిలోమీటర్లన్నా. మీద ఇంకింత ఉంటది" అన్నాడు నవీద్. "ఈన్నించి కోరుట్లకు ఉరికి, మల్ల సగం దాటేదాక వాపసు అచ్చినంత."

జైపాల్‌కు కోరుట్ల అంటే అత్తగారిల్లు. అక్కడికి బస్సులో పోవడానికే పది సార్లు ఆలోచిస్తాడు.

కాదనేవాడే. కానీ ఈలోగా పక్కన వేరే ప్రమాదం జరిగింది. హాఫ్ జైపాలే ఫుల్ అంటే మిగతావాళ్లు హాఫ్ అనేదెట్లా? మైసయ్య ఫుల్ అన్నాడు. మిగిలిన వాళ్లూ ఫుల్ అన్నారు. చివరికి "అధ్యక్షుడు హాఫ్ అయితే సంఘం గౌరవం ఏం గావాలె?" అని రాజలింగం సార్ కూడా ఫుల్ అనేశారు. హబీబుద్దీన్ ఒక్కడే "నా మోకాళ్లు రెండు హాఫులే భాయ్. నేను ట్రాలీ ఆటోల నీళ్లు పట్టుకొస్త" అన్నాడు.

ఇంటికొచ్చి సంగతి చెబితే రాధిక బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"ఎంత దూరమట?"

"నలబై రెండు కిలోమీటర్లు."

"అయితే ఇరవై ఒకటి ఉరుకుతవన్నట్టు" అని చేట దులిపింది.

జైపాల్ మేడ మీదికి వెళ్లి, ఆ చువ్వల మధ్య నిలబడి, ఇది ఒక్కటి, జీవితంలో ఈ ఒక్కటి పూర్తిగా చేస్తానని మొక్కుకున్నాడు. మందు కూడా ఆ రోజే మానేశాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్తే "ఎన్ని రోజులకు?" అని అడుగుతారని తెలుసు.

రెండో రోజే సంఘం ఫ్లెక్సీ కట్టించింది. 'మారథాన్ మహావీరులు' అని! ఎవరో విదేశీ పరుగుల వీరుల ఒళ్లు తీసుకుని వాటి మీద సభ్యుల తలలు అతికించింది జైపాలే. రాజలింగం సార్ పొట్ట ఒక్క రాత్రిలో మాయమై కండలు వచ్చాయి. సార్ ఆ ఫ్లెక్సీ కింద నిలబడి చాలాసేపు చూసుకుని, "పోలికలు బాగనే కుదిరినయి" అని సంతృప్తి వ్యక్తం చేశారు. ఇక సాధన అవసరం సార్‌కు కనిపించలేదు.

జైపాల్‌కు కనిపించింది. తెల్లవారకముందే ధర్మపురి రోడ్డు పట్టాడు. కానీ జగిత్యాలలో నలభై ఏళ్లు దాటిన మనిషి రోడ్డు మీద ఉరికితే దానికి మూడే అర్థాలు. బస్సు తప్పిపోతోంది, కుక్క తరుముతోంది, లేదా ఎవరో పోయారు. మొదటి రోజే ధర్మపురి బస్సు అతని పక్కన కీచుమని ఆగింది.

"జల్ది ఎక్కు, జల్ది!" అన్నాడు కండక్టర్.

"నేను బస్సు కోసం ఉరుకుతలేనన్నా."

"మరి దేని కోసం ఉరుకుతున్నవ్?"

బస్సంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి జవాబు కోసం ఎదురుచూసింది. జైపాల్ సిగ్గుపడి బస్సెక్కి, పక్క ఊరికి టికెట్ తీసుకున్నాడు. మొదటి రోజు సాధన అట్లా ముగిసింది.

రోజూ అదే దారిలో కూలికి పోయే దుర్గవ్వ అనే ముసలమ్మ ఎదురయ్యేది. మొదటి రోజు గుండెల మీద చెయ్యేసుకుని అడిగింది.

"అయ్యో కొడుకా! ఎవలు పోయిండ్రు?"

"ఎవ్వలు పోలేదవ్వా. ఊకెనే ఉరుకుతున్న."

ఆమె నమ్మలేదు. దుఃఖంలో ఉన్నాడు, చెప్పలేకపోతున్నాడు అనుకుంది. నెలలు గడిచాయి. జైపాల్ ఊపిరి కుదిరింది, పొట్ట తగ్గింది, వేగం పెరిగింది. ఆ వేగాన్ని లోకంలో మొట్టమొదట గుర్తించింది దుర్గవ్వే.

"ఇయ్యాల జెర జల్ది పోతున్నవ్ బిడ్డా. బాగ దగ్గరోళ్లా?" అంది కళ్లొత్తుకుంటూ.

మాఘమాసం రానే వచ్చింది. సిరిసిల్లలో చలి పొద్దు. ముందు ఉపన్యాసాలు జరిగాయి. వ్యాయామం గొప్పతనం గురించి పెద్దలు చెప్పీ చెప్పీ నిలబడలేక కుర్చీల్లో కూర్చుని చెప్పారు. ఆ తర్వాత జెండా ఊపారు. జగిత్యాల మహావీరులు ఫొటోలు తీసేవాళ్లు ఉన్నంత మేర చిరుతల్లా ఉరికారు. కెమెరాలు అయిపోయాయి, వీరత్వమూ అయిపోయింది. మరమగ్గాల సాంచాల చప్పుడు వినపడే ఆఖరి వీధి దాటి, వీర్నపల్లి దారి మీద పది కిలోమీటర్లు చేరేసరికి అందరూ నడుముల మీద చేతులు పెట్టుకుని నడుస్తున్నారు. ముందర వేపచెట్టు కింద హబీబుద్దీన్ ట్రాలీ ఆటో ఆగి ఉంది. దాంట్లో నీళ్ల క్యాన్లు, మడతపెట్టిన షామియానా గుడ్డ.

"ఆరోగ్య పరిస్థితుల దృష్ట్యా కొద్దిపాటి వాహన సౌకర్యం వినియోగించుకొనుటలో దోషం లేదు" అని రాజలింగం సార్ ఉత్తర్వు జారీచేస్తూనే ట్రాలీ ఎక్కేశారు. వెనకాలే అందరూ. మీద షామియానా గుడ్డ కప్పుకున్నారు.

ఇక్కడ మన కథానాయకుడు ఏం చేశాడు? ఛీ అన్నాడా? మోసమని నిలదీశాడా? లేదు! ఆ రోజు అతను అన్నింటికన్నా వేగంగా ఉరికింది ఆ ట్రాలీ కోసమే. "ఆగుండ్రి! నన్నెక్కించుకోండ్రి!" అని అరుస్తూ వెంటపడ్డాడు. షామియానా గుడ్డ కొద్దిగా లేచింది. మైసయ్య తల బయటికొచ్చింది.

"జాగ లేదు జైపాల్! ఫుల్ అయింది!"

గుడ్డ పడిపోయింది. ట్రాలీ పోయింది.

చేసేదేమీ లేక జైపాల్ ఉరికాడు. సగం దూరంలో, వెనక్కి మళ్లే చోట, ఒక డ్రమ్ముకు ఎర్ర గుడ్డ కట్టి పెట్టారు. జైపాల్ ఆగాడు. ఈ చోటు అతనికి బాగా తెలుసు. డిగ్రీలో ఇక్కడిదాకా వచ్చాడు, దుబాయిలో ఇక్కడిదాకా వచ్చాడు. ప్రతిసారీ సరిగ్గా ఇక్కడే ఇంటికి పోవడానికి ఒక మంచి కారణం దొరికేది. ఇప్పుడూ మూడు నాలుగు కారణాలు దొరికాయి. కానీ చిక్కేమిటంటే, ఇక్కడ ఆపేసినా సిరిసిల్లకు మళ్లీ అంత దూరమూ పోవాల్సిందే. డిగ్రీకి ఈ ఏర్పాటు ఉండి ఉంటే తను ఎప్పుడో పట్టభద్రుడయ్యేవాడు.

ఎండ ముదిరింది. తొడలు రాసుకుని మండుతున్నాయి. కాలి బొటనవేళ్లు బూట్లలో ఏమయ్యాయో తెలియడం లేదు. ఎదురుగా దుమ్ము లేపుకుంటూ ట్రాలీ వచ్చింది. ఈసారి ఖాళీగా.

"ఎక్కు యార్" అన్నాడు హబీబుద్దీన్ దిగి, నీళ్లు అందిస్తూ. "వాళ్లందరిని లైన్ కాడికి జెర ఇవతల దించిన. తలల మీద నీళ్లు గుమ్మరించుకోని, చెమట పట్టినట్టు చేసుకోని, ఉరుక్కుంట పోయి పతకాలు మెడలేసుకున్నరు. నువ్వొక్కనివి ఎందుకు సస్తవ్?"

జైపాల్ ఖాళీ ట్రాలీ వైపు చూశాడు. షామియానా గుడ్డ మెత్తగా పరిచి ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంకెంత ఉన్నది భాయ్?"

"పది ఉండొచ్చు."

"అంటే సగం ఎప్పుడో దాటిన్నా?"

"ఎప్పుడో దాటినవ్. ఎవ్వలేమనరు. ఎక్కు."

"ఇప్పుడెక్కితే ఇది గూడ హాఫే భాయ్" అన్నాడు జైపాల్. "ఇంట్ల గోడ హాఫ్, గది హాఫ్. మా ఆమె పిలుసుడు గూడ హాఫాయననే. ఇదొక్కటి నన్ను ఉరకనియ్యి."

హబీబుద్దీన్ ట్రాలీని వెనక మెల్లగా నడుపుతూ, హారన్ కొట్టకుండా, సిరిసిల్ల దాకా తోడొచ్చాడు.

అక్కడికి చేరేసరికి వేదిక లేదు. కుర్చీలు ట్రాక్టర్లోకి ఎక్కాయి. ముగింపు గీత మీద గాలితో నింపిన పెద్ద తోరణాన్ని దించేస్తున్నారు. సగం గాలి పోయి అది ఒక పక్కకు వంగి ఉంది. దాని తాడు పట్టుకుని రాధిక పనివాళ్లతో కొట్లాడుతోంది.

"దించకుండ్రి అంటున్ననా! మా ఆయన ఇంక అస్తనే ఉన్నడు!"

"అమ్మా, అందరు అచ్చిండ్రు, పతకాలు గూడ పంచుడయింది. ఇంకెవలు రారు."

"అస్తడు!"

పుట్టింటికి పోయిన ఆమె, కోరుట్ల నుంచి పొద్దున బస్సుకే వచ్చి, ఒక్కగానొక్క ప్లాస్టిక్ కుర్చీని ఎవరూ ఎత్తుకుపోకుండా దాని మీద సంచి పెట్టి కాపలా కాసింది. అస్తడు అని అంత గట్టిగా ఆమె అనడం జైపాల్ పెళ్లయినప్పటి నుంచి వినలేదు. వంగిపోయిన తోరణం కింద తనూ వంగి దాటాడు. నవీద్ సిగ్గుపడుతూ ఒక అట్టపెట్టె తెచ్చాడు.

"ఏమనుకోకన్నా. అతిథులకు, అతిథుల పిల్లలకు ఇచ్చేసరికి ఫుల్లు అయిపోయినయ్. హాఫులే ఉన్నయ్. ఫుల్ది తర్వాత పంపిస్త."

మందు షాపు మూసే వేళ వినపడే మాట! జైపాల్ నవ్వబోయాడు గాని పెదవులు పగిలి నొప్పి పుట్టింది. 'హాఫ్ మారథాన్' అని రాసి ఉన్న పతకం మెడలో పడింది. రాధిక అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి బూట్లు విప్పింది. నల్లబడిన గోళ్లను చూసింది.

"మొత్తం ఉరికినవా? నిజంగనే?"

"ట్రాలీల జాగ దొరకలే" అన్నాడు జైపాల్ నిజాయితీగా.

రాధిక నవ్వింది, ఏడ్చింది, ఆ కాళ్ల మీద నీళ్లు పోసింది.

మర్నాడే సన్మాన సభ. జగిత్యాలలో హాళ్లన్నీ పెళ్లిళ్లకు పోవడంతో కోరుట్లలో పెట్టారు. మొదటి వరసలో అత్తగారి తరఫు వాళ్లంతా, మధ్యలో బామ్మర్ది రాజేశ్. వేదిక మీద మహావీరుల మెడల్లో ఫుల్ మారథాన్ పతకాలు మెరుస్తున్నాయి. రాజలింగం సార్ మైకు అందుకున్నారు.

"ముప్పై అయిదో కిలోమీటరు వద్ద నా మోకాలు నాకు రాజీనామా సమర్పించినది. నేను దానిని ఆమోదించలేదు!"

హాలు దద్దరిల్లింది. వెనక తలుపు దగ్గర హబీబుద్దీన్ "తౌబా, తౌబా" అని చెవులు పట్టుకున్నాడు.

"ఇగ హాఫ్ మారథాన్ పూర్తిచేసి, తన శక్తి మేరకు సంఘానికి సహకరించిన శ్రీ జైపాల్ వేదిక మీదికి రాగలరని కోరడమైనది!"

"హాఫ్ బావా!" అని రాజేశ్ ఈల వేశాడు. జైపాల్ లేచాడు. ముందురోజు పరుగుకు తొడలు రాళ్లయ్యాయి. మోకాళ్లు వంగవు. నొప్పులకు నిద్రలేక కళ్లు ఎర్రగా ఉన్నాయి. మెట్టు మీద ఒక కాలు పెట్టాడు, ఊగాడు, వేదిక గుంజ పట్టుకున్నాడు, రెండో మెట్టు పక్కకు తిరిగి ఎక్కాడు, మళ్లీ ఊగాడు. ఆడవాళ్ల వరసలోంచి రాధిక ఇక ఆగలేకపోయింది. లేచి నిలబడి గొంతెత్తి అరిచింది.

"హాఫ్ గాదు! ఫుల్! మా ఆయన ఫుల్!"

హాల్లో అందరూ రాధికను చూశారు. తర్వాత గుంజ పట్టుకుని ఊగుతున్న జైపాల్‌ను చూశారు. నవ్వులు పైకప్పును తాకాయి!

"కూసో అక్కా! అందరికి కనవడుతనే ఉన్నది!" అన్నాడు రాజేశ్.

ముఖ్య అతిథి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. జైపాల్ మైకు లాక్కున్నాడు. "తాగలే! నేను తాగలే! మొత్తం ఉరికింది నేనొక్కన్నే! వీళ్లంత ట్రాలీల, షామియానా కింద పండుకోని..."

"చూసినరు గద, ఏం మాట్లాడుతున్నరో ఆయనకే తెలుస్తలేదు" అన్నారు రాజలింగం సార్ జాలిగా.

"నిజమే చెప్తున్నడు సార్! తోలింది నేనే!" అని హబీబుద్దీన్ వెనక నుంచి అరిచాడు.

"మిత్రుని పరువు కాపాడుటకు కార్యదర్శి గారు పడుతున్న తపన అభినందనీయం!" అన్నారు సార్. హాలు స్నేహానికి చప్పట్లు కొట్టింది. "సభా మర్యాద దృష్ట్యా, ఇకమీదట సంఘ సభ్యులెవ్వరు మద్యం ముట్టరాదని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది!"

తీర్మానం అయ్యాక హాలు వెనక వీరులకు విందు జరిగింది. తీర్మానం రేపటి నుంచి అమలని సార్ అప్పటికే స్పష్టత ఇచ్చారు. మైసయ్య గ్లాసులు పట్టుకుని ఒక్కొక్కరినీ హాఫా, ఫుల్లా అని అడుగుతూ వచ్చాడు. జైపాల్ దగ్గరికి రాగానే సార్ గ్లాసు చేతిలోనే పట్టుకుని వారించారు.

"ఆయనకు పొయ్యకు మైసయ్యా. ఇప్పటికే ఫుల్."

అందరూ నవ్వారు. 'ఫుల్ జైపాల్' అన్న కొత్త బిరుదు కోరుట్లలో పుట్టి, అతను ఇంకా బస్సు కూడా ఎక్కకముందే జగిత్యాల చేరింది. జైపాల్ కూడా నవ్వాడు. ఎంతైనా, ఇంతకాలం కోరుకున్నది ఆ మాటే.

అతని చేతిలో నిమ్మకాయ సోడా ఉంది. సగం గ్లాసు. ఇంటికి పిలుచుకుపోదామని వచ్చిన రాధిక దాన్ని చూసింది. గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లి, అంచుదాకా నిండుగా పోయించుకుని, ఒక్క చుక్క తొణకకుండా తెచ్చి అతని చేతిలో పెట్టింది.